మా చిన్నవ్వ, ఆమె పొదుపు పుస్తకం

మా నాయనమ్మ చెల్లెల్ని మేమంతా చిన్నవ్వ అనే పిలిచేవాళ్లం. మాది నెల్లూరు జిల్లా. చిన్నవ్వకు చిన్నప్పుడే పెళ్లయింది, పిల్లలు పుట్టకముందే భర్త పోయాడు. అక్క ఇంటికొచ్చి, అక్క బిడ్డలు ఐదుగురినీ తన బిడ్డల్లాగే సాకింది. నాట్లకూ కలుపుకూ పోయి తెచ్చిన కూలంతా ఆ ఇంటికే పెట్టింది. పొలం కాగితాల్లో మాత్రం ఆమె పేరు లేదు.

అక్షరాస్యత ఉద్యమం వచ్చినప్పుడు రాత్రి బడికి పోయి సంతకం నేర్చుకుంది. 1992లో దూబగుంట ఆడవాళ్లు సారా మీద తిరగబడ్డారని విని మా ఊళ్లోనూ కదిలారు. చిన్నవ్వకు తాగే మొగుడు లేడు. అయినా తాను పెంచిన పిల్లలు తాగి పాడైపోతున్నారని అందరికంటే ముందు నిలబడింది. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతా సారా నిషేధం వచ్చింది.

ఆ రోజుల్లోనే మా జిల్లాలో పొదుపులక్ష్మి సంఘాలు పెట్టారు. రోజుకు రూపాయి, నెలకు 30 రూపాయలు. చిన్నవ్వ కూడా చేరింది. తన కష్టం తన పేరు మీద ఉన్న మొదటి కాగితం ఆ పొదుపు పుస్తకమే.

ఇప్పుడు మేము లక్షల్లో అప్పు తీసుకుని వాయిదాలు కడుతున్నామంటే, ఆ రూపాయి వేసిన దారే. అలాంటి అవ్వలు ప్రతి ఊళ్లో ఉన్నారు. వాళ్ల కథ సంఘం పుస్తకంలో రాసి పెట్టమని అక్కచెల్లెళ్లందరినీ కోరుతున్నాం.