సంగటి ముద్దల లెక్క

వేసవి సెలవులంటే పిల్లలకు ఎంత సంబరమో, వంటింట్లో ఉన్న మనకు అంత గుబులు. మొన్న ఎండాకాలం ముదిగుబ్బలో మా పుట్టింట అందరం కలిశాం. అన్నలు, వదినలు, మేము, పిల్లలు, మొత్తం పద్నాలుగు మందిమి. ఒకడికి దోసె కావాలి, ఇంకొకడికి నూడుల్స్ కావాలి, మూడోవాడికి ఏమీ వద్దు. రెండు రోజులు ఎవరు అడిగింది వాళ్లకు చేసి పెట్టాం. మూడోరోజు పొద్దున గ్యాసు బండ కదిపి చూస్తే తేలిగ్గా ఊగింది. మా వదిన నా మొహం చూసింది, నేను ఆవిడ మొహం చూశాను. అటక మీది సంగటి కట్టె కిందికి దిగింది.

పెద్ద తప్పేలా నిండా రాగిసంగటి, చింతాకు పప్పు, శనక్కాయల ఊరిబిండి. అంతే వంట. నల్లగా నిగనిగలాడే ముద్దను చూసి మా చిన్న మేనల్లుడు, "అత్తా, ఇది చాక్లెట్టా?" అన్నాడు. అవునన్నాను. అబద్ధమాడితే ఆడానుగాని, వాడు రెండు చిన్న ముద్దలు తిన్నాడు.

సంగటి ఎరగని పట్నం అక్కచెల్లెళ్ల కోసం రెండు ముక్కలు చెబుతాను. ఒక గ్లాసు బియ్యమో నూకలో కడిగి, ఆరేడు గ్లాసుల నీళ్లు పోసి మెత్తగా ఉడకనివ్వండి. దాని మీద రెండు గ్లాసుల రాగిపిండి కుప్పగా పోయండి. అప్పుడే కలపకండి. నడుమ కట్టెతో ఒక గుంత చేసి, మూతపెట్టి, సన్నటి సెగ మీద పది నిమిషాలు వదిలేయండి. ఆ తర్వాత ఉండలు కట్టకుండా గట్టిగా గెలకండి. చెయ్యి తడి చేసుకుని ముద్దలు కట్టండి. పిల్లలకైతే నిమ్మకాయంత ముద్ద చేసి, బొటనవేలితో గుంత నొక్కి, నెయ్యీ బెల్లం పెట్టండి. సంగటి నమిలితే నోటికి అంటుకుంటుంది. పప్పులో అద్ది మింగడం నేర్పితే పిల్లలకది ఆటలాగా ఉంటుంది. ఒక్క తప్పేలా, ఒక్క పొయ్యి, ఇంటిల్లిపాదికీ ఒకటే వంట. ఇంతకంటే పొదుపు నాకు తెలియదు.

రాగి మనదే అనుకుంటాం గాని, దాని పుట్టిల్లు ఆఫ్రికా. వేల ఏళ్ల కిందటే మన దేశానికి వచ్చి, దక్కను మెట్టనేలల్లో ఇంటి బిడ్డ అయిపోయింది. దాని గొప్పంతా నిలవలో ఉంది. పాతరలోనో గాదెలోనో పోసి మూసేస్తే ఏళ్ల తరబడి పురుగు పట్టదు. ఈ సంగతి మీద కర్ణాటకలో ఒక ముచ్చటైన కావ్యమే ఉంది. 16వ శతాబ్దిలో కనకదాసు రాసిన 'రామధాన్య చరితె'. వరికీ రాగికీ నేను గొప్పంటే నేను గొప్పని తగాదా వస్తుంది. తీర్పు చెప్పమంటే శ్రీరాముడు రెండింటినీ ఆరు నెలలు చెరలో పెట్టిస్తాడు. తీసి చూస్తే వరి పాడైపోయింది, రాగి చెక్కుచెదరలేదు. రాముడు మెచ్చుకుని రాగికి తన పేరే ఇచ్చాడట. సంగటి తినమని మారాం చేసే పిల్లలకు ఈ కథ చెప్పి చూడండి. నెయ్యికంటే బాగా పనిచేస్తుంది.

ఇక పక్కన నంజుకునే ఊరిబిండి సంగతి. మిరపకాయ, శనక్కాయ రెండూ అమెరికా ఖండాల నుంచి సముద్రం దాటి వచ్చినవే. పోర్చుగీసువాళ్లు 1498లో మన రేవుల్లో దిగాక గాని మిరపకాయ మన నోటికి అందలేదు. అంతకుముందు కారమంటే మిరియాలే. ముద్దకు తోడు ఉలవలు, కందులు, అనుములు. చేర్పులు మారాయి గాని, ధాన్యానికి తోడు పప్పు ఉండాలన్న లెక్క మారలేదు. ఈ లెక్క మీదే ఒకప్పుడు దొరల మధ్య పెద్ద తగాదా నడిచింది. అది చెప్పాలనే ఇంత దూరం వచ్చాను.

1876లో వానలు తప్పాయి. తెలుగు సంవత్సరం ధాత కాబట్టి మనవాళ్లు దాన్ని ధాత కరువన్నారు. అప్పటికి అనంతపురం జిల్లా లేదు. ఈ ప్రాంతంలో చాలా భాగం బళ్లారి జిల్లాలో ఉండేది. 1882లో గాని అనంతపురం విడిపోలేదు. ఇక ముదిగుబ్బ 2022 నుంచి శ్రీ సత్యసాయి జిల్లా. మద్రాసు రాజధానిలో ఆ కరువు మహా ఘోరంగా తాకిన జిల్లాల్లో బళ్లారి ఒకటి. 1877 జనవరి 1న ఢిల్లీలో విక్టోరియా రాణిని చక్రవర్తినిగా చాటుతూ దర్బారు, విందులు జరిగాయి. అదే నెలలో రిచర్డ్ టెంపుల్ దొర కరువు పనులు చూడటానికి మద్రాసుకు బయలుదేరాడు.

ఈ టెంపుల్ దొర ముందు చెడ్డవాడేం కాదు. 1873-74లో బీహారులో కరువొస్తే బర్మా నుంచి బియ్యం తెప్పించి జనాన్ని బతికించాడు. డబ్బు దుబారా చేశావని పైవాళ్లు చీవాట్లు పెట్టారు. ఆ దెబ్బతో ఈసారి పొదుపు చేయాలనుకున్నాడు. రాళ్లు కొట్టే మగవాడికి రోజుకు సుమారు 450 గ్రాముల ధాన్యం, ఒక అణా చాలన్నాడు. ఆడవాళ్లకూ పనిచేసే పిల్లలకూ ఇంకాస్త తక్కువ. మద్రాసులో ఆరోగ్యశాఖ పెద్ద డాక్టర్ కోర్నిష్ దీనికి ఒప్పుకోలేదు. కనీసం 680 గ్రాముల ధాన్యం ఉండాలి, దాంతో పప్పూ కూరా ఉండాలి, లేకపోతే మనిషి నిలబడడని పోట్లాడాడు. చివరికి మార్చి నెలలో మద్రాసు ప్రభుత్వం కొంచెం దిగివచ్చి 570 గ్రాముల ధాన్యం, 43 గ్రాముల పప్పు చేసింది. ఈలోపు పోయినవాళ్లు పోయారు. ఆ కరువు దేశంలో లక్షలమందిని మింగింది.

వాళ్ల తగాదా ఏమిటో చూశారా? ముద్ద ఎంత, పక్కన పప్పు ఉందా లేదా! మన అవ్వలు చదువు లేకుండానే తేల్చిన లెక్క అది. టెంపుల్ పొదుపు కడుపును కోసింది. అవ్వల పొదుపు ఉన్నదాన్ని సాగదీసింది. గింజ తక్కువైతే జావ పలచన చేసేవాళ్లు గాని, పిల్లవాడి గిన్నె తీసేసేవాళ్లు కాదు. గట్ల మీది చెంచలాకు, గురుగాకు తెచ్చి పప్పులో వేసి పెంచేవాళ్లు. రాత్రి మిగిలిన ముద్ద పొద్దున మజ్జిగలో పిసికి, ఉల్లిపాయ కొరుకుతూ తాగితే అంబలి. ఏదీ పారేసేది లేదు.

ఇంతవరకూ రాసి, అవ్వల పొదుపుకు దండం పెట్టి ముగించేద్దామనుకున్నాను. కాని ఒక సంగతి గుర్తొచ్చి కలం ఆగింది.

మా నాయన తల్లి, మా అవ్వ, ఎప్పుడూ అందరూ తిన్నాకే తినేది. తప్పేలా అడుగున అంటుకున్న మాడు గీకి, నీళ్లు చల్లి, చారులో పిసుక్కునేది. ఎందుకవ్వా అంటే, "నాకు మాడంటేనే ఇష్టం పాపా" అనేది. నేను నమ్మాను. ఒక ఉగాదినాడు ఓళిగలు చేశారు. అవ్వకు ఇష్టమని నేను పనిగట్టుకుని తప్పేలాలోని మాడంతా గీకి, ఆమె విస్తట్లో ముందు అదే పెట్టాను. అవ్వ నన్ను దగ్గరికి తీసుకుని, మాట్లాడకుండా తినేసింది. అవ్వ పోయిన ఎన్నో ఏళ్లకు ఈ కథ చెప్పి నవ్వబోతే మా అమ్మ నవ్వలేదు. "మీ అవ్వకు పళ్లేవే? మాడు ఎట్ల ఇష్టమైతాది?" అంది.

ఆడవాళ్లకు ఇంకాస్త తక్కువ అని టెంపుల్ దొర కాగితం మీద రాశాడు. మన ఇళ్లల్లో ఎవరూ రాయలేదు. మనమే గరిటెతో రాసుకున్నాం. పొదుపైన ఇల్లాలని మనం మెచ్చుకున్న చాలామంది చేసిన పొదుపు తమ కడుపులోంచే.

తర్వాత రోజులు మారాయి. 1983లో కిలో రెండు రూపాయల బియ్యం వచ్చింది. పండగనాటి వరన్నం రోజూ దొరికింది. పేదింటి పొయ్యికి అదెంత ఊరటో తిన్నవాళ్లకు తెలుసు, తప్పు పట్టను. అటు పొలాల్లో రాగి, కొర్ర, కంది, అనుములు కలిసి పెరిగేచోట డబ్బొచ్చే పంటని శనక్కాయ ఒక్కటే పరచుకుంది. వాన తప్పిన ఏడాది చేలో శనక్కాయా లేదు, గాదెలో రాగీ లేదు. బడికి సంగటి తీసుకుపోవాలంటే నాకే సిగ్గుగా ఉండేది. మూత కొంచెమే తెరిచి తినేదాన్ని. ఇప్పుడు అదే రాగి చక్కెర జబ్బువాళ్ల ధర్మమా అని అందమైన పొట్లాల్లో బియ్యంకంటే ఖరీదుగా దొరుకుతోంది. వంద గ్రాముల రాగిలో సుమారు 350 మిల్లీగ్రాముల కాల్షియం ఉందనీ, బియ్యంలో దానిముందు నామమాత్రమేననీ డాక్టర్లు చెబుతున్నారు. 2023ను ప్రపంచమంతా చిరుధాన్యాల సంవత్సరంగా జరుపుకుంది. ఆ మార్చిలోనే మన రాష్ట్రంలో బడిపిల్లలకు రాగిజావ ఇవ్వడం మొదలుపెట్టారు. ముద్దకు మళ్లీ మర్యాద వచ్చింది, సంతోషం.

కాని ముద్దతోపాటు పాత లెక్క కూడా తిరిగి రాకూడదు. మొన్న ముదిగుబ్బలో నేను కట్టిన ముద్దలు పళ్లెంలో వరసగా పెట్టాను. పెద్ద మేనకోడలు, ఎనిమిదేళ్ల పిల్ల, వేలుపెట్టి లెక్కపెట్టింది. "అత్తా, పదమూడే ఉన్నాయి. నీది ఏదీ?" అంది. నేను అలవాటుగా, "నాకు అడుగున ఉంది లేమ్మా" అన్నాను. అన్నాక నాలిక కరుచుకున్నాను.

కట్టిన ముద్దలన్నిటిలోంచి చిటికెడు చిటికెడు తీసి, ఆ పిల్ల చేతే పద్నాలుగోది కట్టించాను. అన్నీ రవ్వంత చిన్నవయ్యాయి గాని ఎవరూ గుర్తుపట్టలేదు. అడుగున అంటినది నానబెట్టి గేదెకు పోశాం. అందరితోపాటు కూర్చుని, వేడివేడిగా తిన్నాను.