దూకుడు చీమ (హార్పెగ్నాథస్ సాల్టేటర్)

దక్షిణ భారత అడవుల్లో నేలమీద వేటాడే చీమ. గ్రీకు, లాటిన్ మూలాలున్న శాస్త్రీయ నామానికి 'కొడవలి దవడల దూకేది' అని అర్థం.

వర్గీకరణ: క్రమం హైమెనాప్టెరా, కుటుంబం ఫార్మిసిడే, ఉపకుటుంబం పొనెరినే. ప్రజాతిని, జాతిని 1851లో వర్ణించినవాడు థామస్ జెర్డన్. నెల్లూరులో సివిల్ సర్జన్‌గా పనిచేసిన ఈ వైద్యుడి పేరే కడప అడవుల కలివికోడి పక్షికి ఆంగ్లంలో ఉంది.

గుర్తింపు: బాగా తెలిసిన గండుచీమతో పోలిస్తే తేడా ఇట్టే తెలుస్తుంది. గండుచీమ దవడలు పొట్టివి, దానికి ముల్లు ఉండదు. దూకుడు చీమ దవడలు సన్నగా, పొడవుగా ముందుకు చాచి, కొసల్లో పైకి వంగి ఉంటాయి. తల ముందుభాగంలో పెద్ద కళ్లు, పొట్ట చివర కుట్టే ముల్లు ఉంటాయి. పొట్ట మొదటి ఖండం తర్వాత చిన్న నొక్కు కనిపిస్తుంది. ఇది ఈ ఉపకుటుంబపు లక్షణం. పొడవు సుమారు 2 సెంటీమీటర్లు.

జీవనం: పగటిపూట, ఒంటరిగా, కంటిచూపుతో వేటాడుతుంది. ఎరను దవడలతో ఒడిసిపట్టి ముల్లుతో కుడుతుంది. రాణి చనిపోతే కూలిచీమలు స్పర్శశృంగాలతో రోజుల తరబడి కొట్టుకుంటాయి. గెలిచినవి గుడ్లు పెడతాయి. వాటి మెదడు కుంచించుకుపోతుంది. మళ్లీ కూలిచీమలుగా మారితే తిరిగి పెరుగుతుందని 2021లో వెల్లడైంది.

ప్రాముఖ్యం: జన్యుక్రమం మొదట వెలువడిన చీమల్లో ఇదొకటి (2010). ఎండుటాకుల పొరను కాల్చకుండా కాపాడితే ఇలాంటి నేలచీమలకు మేలు.