గ్రౌండ్ యాంకర్ కడ్డీలు: తుప్పు నుంచి రక్షణ

ఆనకట్టలు, లోతైన పునాది గోతుల గోడలు, కొండవాలులు ఒరిగిపోకుండా నేలలోకి బిగించి పట్టే అధిక బలపు ఉక్కు కడ్డీలను గ్రౌండ్ యాంకర్లు అంటారు. బోరు వేసి కడ్డీ దించుతారు. దాని అడుగు భాగం చుట్టూ సిమెంటు గ్రౌటు నింపుతారు. గ్రౌటు గట్టిపడ్డాక పైకొసను జాకీతో లాగి, ఉక్కు ప్లేటు మీద నట్టు బిగిస్తారు. కట్టడం నిలిచినన్నాళ్లూ ఆ బిగువు ఉండాల్సిందే. కడ్డీ మాత్రం ఆ తర్వాత ఎవరి కంటికీ కనిపించదు.

ఇంటి స్లాబులోని కడ్డీ తుప్పు పడితే ఉబ్బి, కాంక్రీటు పెచ్చులూడి ముందే తెలిసిపోతుంది. యాంకర్ కడ్డీ తీరు వేరు. 32 మిల్లీమీటర్ల కడ్డీని తెంపాలంటే 80 టన్నులకు పైగా బలం కావాలి. అంతటి ఉక్కుకు ఒకచోట చిన్న గుంట పడినా చాలు, బిగువంతా అక్కడ పోగై పగులు మొదలవుతుంది. తుప్పు చర్యలో పుట్టే హైడ్రోజన్ లోహంలోకి చొరబడితే ఉక్కు పెళుసెక్కి, సాగకుండానే పుటుక్కున తెగుతుంది. జింకు పూత పూద్దామన్నా చిక్కే: పూతకు ముందు ఆమ్లంలో కడిగేటప్పుడూ హైడ్రోజన్ ఉక్కులోకి చేరే ప్రమాదం ఉంది.

యాంకర్లతో కట్టడాలను నేలకు బిగించే విద్యకు నాంది 1934లో పడింది. ఫ్రెంచ్ ఇంజనీరు ఆంద్రే కోయిన్ అల్జీరియాలోని షుర్ఫాస్ ఆనకట్టను తీగల కట్టలతో కింది రాతికి బిగించాడు. ఒక్కో కట్ట లాగుడు సుమారు 1,000 టన్నులు. రాయి లేని చోట మెత్తని నేలలోనూ ఇది సాధ్యమేనని 1958లో జర్మనీలోని మ్యూనిక్‌లో తేలింది. బవేరియా రేడియో భవనం పునాది గోతికి బావర్ సంస్థ గులకనేలలో గ్రౌటు ఎక్కించి యాంకర్లు నిలబెట్టింది. ఆపై యాంకర్ల వాడకం ప్రపంచమంతటా విస్తరించింది.

తుప్పు నుంచి రక్షణకు తొలి తరం ఇంజనీర్లు సిమెంటునే నమ్ముకున్నారు. గ్రౌటు క్షారగుణం వల్ల ఉక్కు మీద పలుచని రక్షక పొర ఏర్పడుతుందన్నది నిజమే. అయితే కడ్డీని లాగగానే చుట్టూ ఉన్న గ్రౌటు సన్నగా చిట్లుతుంది. కడ్డీ బోరు గోడకు ఆనుకున్న వైపు గ్రౌటు నిలవనే నిలవదు. ఉప్పు నీటికి ఆ సందులు చాలు.

అంతర్జాతీయ ప్రీస్ట్రెసింగ్ సమాఖ్య 1986లో ఇచ్చిన నివేదిక ఈ నమ్మకాన్ని లెక్కలతో పరీక్షించింది. తుప్పుతో యాంకర్లు విఫలమైన 35 ఉదంతాల్లో 19 చోట్ల దెబ్బ తలభాగంలో లేదా దాని కింద మీటరు లోపే తగిలింది. 21 చోట్ల గ్రౌటు పట్టు లేకుండా సాగే పై భాగం దెబ్బతింది. అడుగున గ్రౌటులో పాతుకున్న భాగంలో వైఫల్యాలు రెండే. (కొన్ని ఉదంతాలు ఒకటికి మించిన చోట్ల లెక్కకు వచ్చాయి.) లోతు గురించి బెంగపడినవారు ప్లేటు కింద నింపకుండా వదిలిన ఖాళీని పట్టించుకోలేదన్నమాట.

అప్పటికే 1970లలో జర్మనీ తదితర దేశాలు శాశ్వత యాంకర్లకు విడిగా నియమాలు రాసుకుంటున్నాయి. జపాన్ 1988లో, బ్రిటన్ 1989లో తమ ప్రమాణాల్లో జంట రక్షణకు చోటిచ్చాయి. సిమెంటు చిట్లినా చిట్లని ప్లాస్టిక్ అడ్డుగా ఉండాలన్నదే దీని కిటుకు. అలలు అలలుగా ముడతలున్న ప్లాస్టిక్ గొట్టంలోకి కడ్డీని దూర్చి, ఏటవాలు బల్ల మీద ఉంచి, కింది కొస నుంచి గ్రౌటు ఎక్కిస్తారు. గాలి పైకొస నుంచి వెళ్లిపోతుంది, లోపల బుడగ మిగలదు. గొట్టం ముడతలు కడ్డీ లాగుడును బయటి గ్రౌటుకూ, దాని ద్వారా నేలకూ అందిస్తాయి. సాగే భాగానికి నున్నని తొడుగు వేస్తారు. తలభాగంలో ప్లేటు కింద ఉక్కు గొట్టం అతికి, గ్రీజులాంటి పదార్థంతో నింపి, నట్టు మీద మూత బిగిస్తారు. పొడవు కోసం రెండు కడ్డీలను కలిపే కప్లర్ దగ్గర మాత్రం వేడికి ముడుచుకునే తొడుగును పని జరిగే చోటే చేత్తో వేయాలి. పనివాడి శ్రద్ధ అక్కడే తేలుతుంది.

బోరులోకి దించేటప్పుడు గొట్టం చిరిగితే ఎలా తెలుస్తుంది? స్విట్జర్లాండ్ ఇంజనీర్లు దీనికి విద్యుత్తును వాడారు. కడ్డీకీ నేలకూ మధ్య 500 వోల్టులు పెట్టి నిరోధం కొలుస్తారు. 0.1 మెగాఓమ్ దాటితే ప్లాస్టిక్ పొర చెక్కుచెదరలేదని అర్థం. ఐరోపా ప్రమాణం ఈఎన్ 1537 కూడా ఈ పరీక్షను స్వీకరించింది. మన దేశంలో ప్రీస్ట్రెస్డ్ రాక్ యాంకర్ల మార్గదర్శకాలు ఐఎస్ 10270 పేరుతో 1982లో వచ్చాయి.

ఈ నియమాలకు ముందు వేసిన యాంకర్లు చాలాచోట్ల ఇంకా పనిలోనే ఉన్నాయి. జపాన్‌లో పాత రకం యాంకర్లు తెగి, లోపలి ఉక్కు బాణంలా బయటికి దూసుకొచ్చిన సందర్భాలున్నాయి. పనిలో ఉన్న పాత యాంకర్లను జాకీతో మళ్లీ లాగి చూస్తే ఇప్పుడున్న బిగువు తెలుస్తుందే గానీ తుప్పు తెలియదు, గుంట పడిన కడ్డీ కూడా తెగే క్షణం దాకా పూర్తి బరువు మోస్తుంది కాబట్టి. అందుకే అమెరికాలో 2002లో వచ్చిన ఎన్‌సీహెచ్‌ఆర్‌పీ 477 నివేదిక పాత యాంకర్లకు విద్యుత్ రసాయన కొలతలు, అల్ట్రాసోనిక్ పరీక్షలు చేయాలని సూచించింది. బయటికున్న కొస నుంచి పంపిన ధ్వని తరంగం తలభాగం దగ్గరి లోపం నుంచి తిరిగొచ్చి, అది ఎంత లోతున ఉందో చెబుతుంది.