పొలంలో దిగిన ఆకాశపు చుట్టం



గడప తొక్కి వచ్చిన వారికి మంచినీళ్ళిచ్చి కూర్చోబెట్టడం మనకెవరూ నేర్పనక్కర్లేదు. కాని చెప్పాపెట్టకుండా ఆకాశం నుంచి ఎవరిదో పొలంలో దిగిపడిన వారి మాటేమిటి? ఆ పొలం వారికి, సాయం పట్టిన వారికి వాళ్ళు తిరిగి చేయవలసిన మర్యాద ఏమిటి? దీనికీ ఒక చరిత్ర వుంది.

1783 ఆగస్టు 27న పారిస్‌లో జాక్ ఛార్లెస్ అనే శాస్త్రజ్ఞుడు హైడ్రోజన్ నింపిన బెలూనును మనిషి లేకుండా పైకి వదిలాడు. అది ఎగిరి ఎగిరి గొనెస్ అనే పల్లెలో పడింది. బుసకొడుతూ దొర్లుతున్న ఆ వింతను చూసి జనం భూతమనుకుని పారలతో, పంగలకర్రలతో పొడిచి చీల్చేసారు. ఆ తర్వాత ప్రభుత్వమే, ఇది గాలితిత్తి, భయపడవద్దని ప్రకటన వేయవలసి వచ్చింది. పాపం, వాళ్ళ తప్పేముంది? ముందుగా ఎవరైనా చెబితే గదా! ఆ తర్వాత బెలూనులో మనుషులు ఎగరడం మొదలైంది. దిగిన చేను యజమానికి ఒక షాంపేన్ సీసా యిచ్చే ఆచారం ఆనాటిదేనంటారు. అందులో నిజమెంతో గాని ఆచారం మాత్రం నిలిచింది.

ఇక ఇంజను లేని విమానం గ్లైడరు. 1920 నుంచి జర్మనీలో వాసర్‌కుప్పె కొండ మీద వీటి పోటీలు జరిగాయి. పైకి లేచే వేడిగాలి దొరికినంతసేపే దాని ఆట. గాలి చాలకపోతే కనిపించిన పొలంలో దిగాల్సిందే. అప్పుడు స్నేహితులు పొడుగాటి ట్రెయిలరు లాక్కుని వచ్చి, రెక్కలు వూడదీసి, యింటికి చేరుస్తారు. ఆ రాత్రి వాళ్ళందరి భోజనం ఖర్చు ఎగిరిన వాడిదే. అంతకు ముందే రైతును కలిసి మాట్లాడాలి, పైరు నలిగితే నష్టం కట్టివ్వాలి. నడిపినవాడు, మోసినవాడు ఒకే బల్ల దగ్గర కూర్చుని తింటారని చదివినప్పుడు నాకు మన మాచర్ల బ్రహ్మనాయుడి చాపకూడు గుర్తుకొచ్చింది.

మనకు దగ్గర సంగతి హైదరాబాదులో వుంది. టాటా మౌలిక పరిశోధనా సంస్థ వారి బెలూను కేంద్రం 1969లో అక్కడ ఏర్పడింది. పల్చని ప్లాస్టిక్ బెలూన్లు పరికరాలను 30, 40 కిలోమీటర్ల ఎత్తుకు మోసుకుపోతాయి. పని అయ్యాక పరికరాలు రంగుల పారాచూట్‌తో దిగుతాయి. ఎక్కడ? గాలిని బట్టి, హైదరాబాదుకు రెండు మూడు వందల కిలోమీటర్ల దూరం దాకా ఎక్కడైనా. మన పల్నాడు అంతకన్నా దూరమేమీ కాదు.

పరికరాల మీద తెలుగులో కూడా చీటీ అంటిస్తారు. ముట్టుకోవద్దు, లోపల ఎక్కువ వోల్టేజి కరెంటు వుండవచ్చు. పోలీసు ఠాణాకో పోస్టాఫీసుకో తెలపండి. తగిన బహుమతి యిస్తాం, తంతి, టెలిఫోను ఖర్చులు, కాపలా ఖర్చు చెల్లిస్తాం. విప్పినట్టు కనిపిస్తే బహుమతి లేదు. ఇదీ దాని సారాంశం. తంతి 2013లోనే పోయింది గాని, కాపలా ఖర్చు అనడం నాకు నచ్చింది. ఎందుకంటే రాత్రంతా మిరపచేలో కూర్చున్న కూలీ మర్నాడు పనికి పోలేడు. ఆ రోజు కూలి అతనికి ముట్టాలి. దప్పికకిచ్చిన మజ్జిగకు మాత్రం మనవాళ్ళు డబ్బు పుచ్చుకోరు, యివ్వబోతే చిన్నబుచ్చుకుంటారు కూడా. ఇంకో మాట. కాపలా మగవాడి లెక్కలో పడుతుంది. వచ్చిన నలుగురికీ అన్నం వండిన ఇల్లాలు ఏ లెక్కలోనూ పడదు. వెళ్ళేముందు వంటింటి గుమ్మం దాకా వచ్చి ఆవిడకు ఒక నమస్కారం పెడితే ఎవరి సొమ్ము పోతుంది?

విప్పవద్దనడం దర్పం మాత్రం కాదండోయ్. 2005లో ఇస్రో వారు ఆ కేంద్రం నుంచే 459 కిలోల సరంజామా ఎగరేసారు. అందులో సూక్ష్మజీవి లేకుండా శుద్ధిచేసిన 16 వుక్కు గొట్టాలున్నాయి. 20 నుంచి 41 కిలోమీటర్ల ఎత్తులో గాలి పట్టుకుని అవి పారాచూట్‌తో దిగాయి. నేల మీద ఎవరైనా మూత తిప్పి చూసివుంటే మన చేతి మురికే ఆకాశపు జీవమయ్యేది, పడ్డ శ్రమంతా గంగలో కలిసేది. క్షేమంగా చేరబట్టే 2009లో మూడు కొత్త బాక్టీరియాల సంగతి ప్రకటించగలిగారు. వాటి పేర్లు ఒకటి ఇస్రోకి, ఒకటి ఆర్యభటకి, ఒకటి ఇంగ్లండు శాస్త్రజ్ఞుడు హోయిల్‌కి దక్కాయి. గొట్టాలు దిగిన వూరి పేరు కూడా ఒకదానికి పెట్టివుంటే ఎంత ముచ్చటగా వుండేదో!