పెరాక్సైడ్ చెప్పిన సాక్ష్యం

1950లు అప్పుడే మొదలయ్యాయి. అమెరికాలోని ఎల్లో స్ప్రింగ్స్ ఊళ్లో లీలాండ్ క్లార్క్ ప్రయోగశాల. ముదురు రంగు రక్తంలోకి ఆక్సిజన్ బుడగలు పోతున్నాయి. రక్తం ఎర్రబడుతోంది. ఆపరేషన్ వేళ ఊపిరితిత్తుల పని చేయాల్సిన యంత్రమది. అయినా ఆయన వ్యాసాన్ని పత్రిక సంపాదకుడు తిప్పి పంపాడు. రక్తంలో ఎంత ఆక్సిజన్ చేరిందో కొలత చూపలేదని ఆక్షేపణ.

కొలవడానికి ప్లాటినం తీగ ఉంది. రక్తంలో ముంచితే ప్రొటీన్లు పేరుకుని అది మొరాయిస్తోంది. 1954లో క్లార్క్ ఆ తీగనూ, దానికి జతగా ఉండే రెండో ఎలక్ట్రోడునూ కలిపి పల్చటి పాలిథీన్ పొర వెనక పెట్టాడు. ఆక్సిజన్ లోపలికెళ్లింది, ప్రొటీన్లు బయటే ఆగాయి.

1962లో చాంప్ లయన్స్‌తో కలిసి ఎలక్ట్రోడ్ దగ్గర గ్లూకోజ్ ఆక్సిడేజ్ ఎంజైమును నిలిపాడు. అది గ్లూకోజును మార్చేటప్పుడు ఆక్సిజన్ తరుగుతుంది, హైడ్రోజన్ పెరాక్సైడ్ పుడుతుంది. మొదట తరుగును లెక్కగట్టారు. తర్వాత పుట్టినదాన్నే పట్టుకున్నారు. ప్లాటినం వద్ద సుమారు 0.6 వోల్టులు పెడితే ఒక్కో పెరాక్సైడ్ అణువు రెండు ఎలక్ట్రాన్లు వదులుతుంది. ఆ కరెంటే చక్కెర లెక్క.

మోతాదు మించితే కణాలకు చేటు చేసే చురుకైన ఆక్సిజన్ రూపాల్లో పెరాక్సైడ్ ఒకటి. దాన్నే సాక్షిగా నిలబెట్టారు!

1975లో ఆ విద్య బల్లమీది యంత్రమైంది. 1982లో జపాన్‌లో షిచిరి బృందం దాన్ని చర్మం కింద గుచ్చే సూదిగా మార్చింది. 1999లో అమెరికా తొలి నిరంతర గ్లూకోజ్ మానిటర్‌కు అనుమతిచ్చింది.

ఎంజైము లేకుండా శరీరంలోని పెరాక్సైడ్‌నే రోగం జాడగా నేరుగా కొలవాలన్నది పరిశోధకుల మరో ప్రయత్నం. చిక్కల్లా ఒకటే: సూది గుచ్చగానే తెల్లకణాలు దాని మీదికి వచ్చి అదే పెరాక్సైడ్‌ను వదులుతాయి. అప్పుడు సెన్సర్ చెప్పేది రోగం సంగతా, తను చేసిన గాయం సంగతా?

 ఇక షుగర్ కొలిచే సెన్సర్‌ను జబ్బకు అంటించుకున్నవారు ఒకటి గుర్తుంచుకోండి. కొన్ని రకాల్లో పారాసిటమాల్, మరికొన్నింటిలో ఎక్కువ మోతాదు విటమిన్ సి అంకెను పెంచి చూపుతాయి. పెట్టెలోని కాగితం చదవండి. అంకెకూ ఒంటి తీరుకూ పొంతన లేకపోతే వేలి రక్తపు చుక్కతో సరిచూసుకోండి.