పెట్టె చెప్పిన జోస్యం: 16 కేబీలో 78 కార్డులు



ఫోన్‌లో యాప్ తెరిచి "నాకు జాబ్ వస్తదా? గ్రూప్స్ రిజల్ట్ ఎట్లుంటది?" అని అడిగేవాళ్లు మనలో కూడా ఉన్నారు. నవ్వడానికి చెప్పట్లేదు. భయం ఉన్నచోట ప్రశ్న ఉంటది. కానీ ఈ అలవాటు ఫోన్‌తో పుట్టలేదు. 40 ఏళ్ల కింద, ఇళ్లలోకి వచ్చిన మొదటి కంప్యూటర్లలోనే ఉంది. ఆ కథ తెలిస్తే ఇవాళ్టి యాప్ లోపల ఏం జరుగుతుందో కూడా అర్థమవుతుంది.

1982 ఏప్రిల్‌లో బ్రిటన్‌లో సింక్లెయిర్ కంపెనీ జెడ్ఎక్స్ స్పెక్ట్రమ్ అనే చిన్న కంప్యూటర్ తెచ్చింది. 16 కేబీ మెషీన్ ధర 125 పౌండ్లు. ఇంట్లో టీవీకి తగిలించాలి, ప్రోగ్రామ్‌ను టేప్ క్యాసెట్ నుంచి ఎక్కించాలి. బేసిక్ అనే సులువైన భాష లోపలే ఉండేది. దాంతో స్కూలు పిల్లలు, చిన్న ఉద్యోగులు కూడా సరదాకి సొంతంగా ప్రోగ్రాములు రాశారు. ఆటలు, లెక్కలు, వాటితోపాటు జోస్యం. అందులో టారో కార్డుల జోస్యం ఒకటి.

టారో అంటే 78 కార్డుల కట్ట. 15వ శతాబ్దంలో ఉత్తర ఇటలీలో పుట్టింది. మొదట అది వట్టి పేకాటే. 1781లో ఫ్రాన్స్‌లో కూర్ ద జెబెలాం అనే పండితుడు ఇది ప్రాచీన ఈజిప్టు జ్ఞానమని రాశాడు. అప్పటికి ఈజిప్టు బొమ్మల లిపి చదవగలిగినవాళ్లు ఎవరూ లేరు, షాంపోలియన్ దాన్ని విప్పింది 1822లో! అయినా జనం నమ్మారు. 1909లో పమేలా కోల్మన్ స్మిత్ అనే చిత్రకారిణి వేసిన బొమ్మలతో వచ్చిన కట్ట లోకమంతా పాకింది.

ఇక ప్రోగ్రామ్ సంగతి. 16 కేబీలో దాదాపు 7 కేబీ తెర మీది బొమ్మకే పోతుంది. మిగిలింది సుమారు 9 కేబీ. ప్రతి కార్డుకు నిటారుగా పడితే ఒక అర్థం, తలకిందులైతే ఇంకొకటి, మొత్తం 156. ఒక్కోదానికి 60 అక్షరాలు రాసినా 9,360 అవుతాయి. మెమరీ అక్కడికే నిండిపోతుంది. అందుకే "మార్పు రానుంది", "ఓపిక పట్టు" లాంటి పొట్టి మాటలే గతి. పొట్టి మాట ఎవరికైనా అతుకుతుంది.

మరి కార్డు ఎవరు తీస్తారు? విధి కాదు, గుణకారం. స్పెక్ట్రమ్ ఒక సంఖ్య దగ్గర పెట్టుకుంటుంది. దానికి 1 కలిపి, 75తో గుణించి, 65,537తో భాగించి, శేషంలోంచి 1 తీసేస్తుంది. వచ్చిందే కొత్త సంఖ్య. దాన్ని 65,536తో భాగించి 78తో గుణిస్తే కార్డు నంబరు తేలుతుంది. స్విచ్ వేయగానే ఆ సంఖ్య సున్నా. పెన్ను పట్టి లెక్క చేయండి: 74, 5,624, 28,652. అంటే 1వ, 7వ, 35వ కార్డులు. రాసినవాడు జాగ్రత్త పడకపోతే, స్విచ్ వేసిన ప్రతిసారీ మొదటి మనిషికి ఇవే మూడు కార్డులు! అది రాజైనా, కూలి అయినా.

దీనికి విరుగుడు రాండమైజ్ అనే ఆజ్ఞ. స్విచ్ వేసినప్పటి నుంచి సెకనుకు 50 చొప్పున నడిచే లెక్కలోంచి అది మొదటి సంఖ్యను తీసుకుంటుంది. అంటే మీ జాతకం మీరు మీట నొక్కిన క్షణాన్ని బట్టి ఉంటది. ఇంకొకటి, మూడు కార్డులు వరుసగా 4,56,456 రకాలుగా పడొచ్చు. ఈ యంత్రం ఒక్క ఊపులో మూడూ తీస్తే, దానికున్న దారులు 65,536 మాత్రమే. దాదాపు ఏడింట ఆరు వంతుల జాతకాలు అది ఎన్నటికీ చెప్పలేదు.

అయినా ఎందుకు నిజమనిపిస్తది? 1948లో అమెరికాలో బెర్ట్రామ్ ఫోరర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త తన విద్యార్థులకు "ఇది నీ స్వభావం" అని తలా ఒక కాగితం ఇచ్చాడు. వాళ్లు 5కి సగటున 4.26 మార్కులు వేశారు. అందరికీ ఇచ్చింది ఒకే కాగితం. అందులో మాటలు జ్యోతిష్యం పుస్తకంలోంచి తీసినవే. అర్థం నింపేది చదివేవాడు.

ఇక్కడ మనం ఆగి చూడాల్సింది ఒకటుంది. బ్రిటన్‌లో 1824 నాటి చట్టం జోస్యం చెప్పేవాళ్లను నేరస్థుల లెక్కలో వేసింది. మన దగ్గర బుట్ట పట్టుకుని ఊరూరా తిరిగి సోది చెప్పే ఎరుకల అవ్వల జాతిని అదే బ్రిటిష్ పాలన నేరస్థ జాతిగా ముద్ర వేసింది. స్టువర్టుపురం సెటిల్మెంట్ అట్లా వచ్చిందే. ఆ ముద్ర వేసిన చట్టం రద్దయింది 1952లో. పెద్దింటి గదిలో కార్డులు తిప్పితే విద్య, పెట్టెలో పెడితే హాబీ, మన అవ్వ చెప్తే మోసం. చెప్పేది జోస్యమే, మారింది చెప్పేవాళ్ల స్థానం.

సోది నిజమని నేను అనట్లేదు. కానీ అవ్వ ఎదురుగా కూర్చుంటది, మొహం చూస్తది, "ఏమైంది బిడ్డా" అని అడుగుతది. పెట్టెకు మనం కనిపించం. ఈసారి ఫోన్‌ను భవిష్యత్తు అడిగే ముందు ఆ 75 గుణకారం గుర్తు చేసుకోండి. కోడింగ్ నేర్చుకునే తమ్ముళ్లు, చెల్లెళ్లు ఇట్లాంటి ప్రోగ్రామ్ ఒకటి సొంతంగా రాసి చూడండి, పది లైన్లు చాలు. తాను రాసిన జోస్యాన్ని ఎవరూ నమ్మరు.