రెండు విలాప చాటువులు

ప్రాచీనాంధ్ర వాఙ్మయమున విలాపకవిత ప్రత్యేక ప్రక్రియగా రూపొందలేదు. రతివిలాపాదులు కావ్యాంగములుగా మాత్రమే కలవు. కవి తన సొంత దుఃఖమును చెప్పుకొనిన పద్యములకై మనము చాటుసాహిత్యమును ఆశ్రయింపవలసినదే. శ్రీనాథ పెద్దనలవిగా ప్రసిద్ధములైన రెండు సీసములను ఇచట పరిశీలింపదలచితిమి. వీని కర్తృత్వమునకు సంప్రదాయమే ప్రధానాధారమని ముందుగానే మనవి చేయుచున్నాము.

శ్రీనాథుని పద్యము అవసానకాలమునకు చెందినది. కాశీఖండ కృతిపతియగు వీరభద్రారెడ్డి కాశీవిశ్వేశ్వరుని కలసినాడట. వేరొక ప్రభువు కైలాసమునకు, మరియొకడు రంభ కడకు చేరిరి. ఒక్కొక్క మరణము వెంట కవి ఒక్కొక్క లోటును చెప్పును: రత్నాంబరములు, దినవెచ్చము, కస్తూరి, బంగారు పళ్లెరమున భోజనము. తొలిచూపున ఇది లౌకికమైన పద్దువలె తోచును. మేమును విద్యార్థిదశలో అట్లే తలచితిమి. కాని గతించినవారు దివ్యలోకములందున్నారన్న విషయమున కవికి సంశయము లేదు. వారికై దుఃఖింపవలసిన పని లేనందుననే శోకమంతయు మిగిలియున్న తనవైపునకు మరలినది. వినయమునకు మాత్రము ఇందు తావులేదు. పన్ను చెల్లింపలేక బొడ్డుపల్లెలో అవమానముల పాలైనాడని వేరొక చాటువు చెప్పు ఈ కవి, తన రాకకు స్వర్గమందలి కవుల గుండెలే అదరునని పలికినాడు!

పెద్దన పద్యము వేరు. 1529లో కృష్ణదేవరాయలు మరణించిన పిదప చెప్పినదిది. ఏనుగు నాపి చేయూతనిచ్చి ఎక్కించుకొనుట, మనుచరిత్రమును అందుకొనునాడు పల్లకిని చేత పట్టి ఎత్తుట, గండపెండేరమును స్వయముగా తొడుగుట, కోకట మున్నగు అగ్రహారములనిచ్చుట, బిరుదముతో పిలుచుట ఇందు కలవు. దీనిని కవి పొందిన సన్మానముల పట్టికగా ఉదహరించుట పరిపాటియైనది. అది చాలదని మా అభిప్రాయము. పల్లకి మోసినవాడు, కవి పాదము నంటినవాడు చక్రవర్తి. ఇందు కీర్తింపబడినది మృతుని వినయము.

మనుచరిత్రమున శఠకోపయతిని గురువుగా స్తుతించిన ఈ కవి, ఇచట వైకుంఠమును గాని ఏ దైవమును గాని తలపడు. రాజు పోయినది ‘దివి’కి, అంతే. శ్రీనాథునకు అండయైన విశ్వాసము ఇచట ఓదార్పుగా రాలేదు. సీసపాదములందలి సమాపకక్రియ లన్నింటికి కర్త రాజే. కవి తన పనిగా చెప్పుకొన్నవి ఎత్తుగీతిలోని రెండే: వెంట పోలేకపోవుట, బ్రతికియుండుట.